ఏసీకి ఎన్ని వేళ్లు?

మొదట చెప్పిన ధరకే వస్తువు కొనుక్కుని వచ్చే మనిషిని మా ఇంట్లో జాలిగా చూస్తారు. కోరుట్లలో మాది బట్టల దుకాణం. నేను మాటలు నేర్చింది గల్లాపెట్టె పక్కన కూర్చుని. అమ్మ, బాపు అన్న తర్వాత నాకు వచ్చిన మూడో మాట "గంత రేటా?" అని మా బాపు ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అబద్ధమే అయ్యుంటుంది, కానీ నమ్మదగిన అబద్ధం. పన్ను నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఒకటి పీకితే ఎంత, రెండు పీకితే ఎంత అని అడిగిన మనిషిని నేను. పీకవలసింది ఒకటే.

అలాంటి నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతూ వాతావరణ న్యాయం కోసం పోరాడే పిల్లల గుంపులో చేరానంటే, అది భూమి మీద ప్రేమ కొద్దీ అని రాసుకోవాలనే ఉంది. కానీ కాలేజీలో ఫ్యాన్లన్నీ తిరిగే గది వాళ్ల మీటింగ్ గది ఒక్కటే. మిగతా గదుల్లో రెండు తిరిగితే రెండు వేలాడేవి. బయట ఎండ దంచుతోంది, లోపల మీటింగ్ జరుగుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

ముందు నిలబడి మాట్లాడుతున్నది మా క్లాసు పిల్లే. సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. వాళ్లమ్మ మరమగ్గాల షెడ్డులో కండెలకు దారం చుడుతుందని తప్ప తన గురించి నాకు అంతకుమించి తెలియదు. క్లాసులో నోరు విప్పని పిల్ల అక్కడ మాత్రం టేబుల్ మీద చెయ్యి కొట్టి మరీ చెబుతోంది.

"మీ ఇంట్ల చెత్త మున్సిపాలిటీ బండిల ఎయ్యాలంటె నెలనెల పైసలు కడ్తరు. బొగ్గు పొగ, డీజిల్ పొగ మాత్రం గాలిల ఉత్తగ పారవోస్తరు. గా ఉత్త ఉత్త గాదు. ఎవలో ఒకలు కడ్తనే ఉన్నరు. ఎవలంటె, పొగ పెట్టనోళ్లు. గందుకే పొగకు ధర పెట్టాలె. ఎక్కువ పెట్టినోడు ఎక్కువ కట్టాలె. అచ్చిన పైస ఎండల మాడెటోళ్లకు పోవాలె. కార్బన్ ధర అంటె గిదే."

నేను నిటారుగా కూర్చున్నాను. 'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ' అని దసరా ముందు మా దుకాణం అద్దం మీద బోర్డు రాసేది నేనే. ఆ ఫ్రీ చీర ఖరీదు ఏ చీరలో కలుస్తుందో నాకు తెలుసు. ఉత్తగా వచ్చేది ఏదీ ఉత్తగా రాదన్న సంగతి నాకు ఉగ్గుపాలతో పట్టారు. కాలేజీలో చేరినప్పటి నుంచి ఒక్కసారి వినగానే నాకు అర్థమైన పాఠం అదొక్కటే. ఆ ఆనందంలో చెయ్యెత్తి, "కిలోకెంత?" అని అడిగేశాను.

గదంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

"కిలోలల్ల గాదు, టన్నులల్ల లెక్క," అంది.

"ఓహో, హోల్‌సేలా," అన్నాను.

సాయంత్రానికి నేను గుంపులో మనిషిని, ఆ సిరిసిల్ల పిల్లకి స్నేహితురాలిని. నాకొక పదవి కూడా ఇచ్చారు, రేటు ఇన్‌ఛార్జి.

మొత్తం ఏడుగురం. నెలలోపే జగిత్యాల చౌరస్తాలో ర్యాలీ తీశాం. అట్టముక్కల మీద అక్షరాలు రాసింది నేనే, బోర్డులు రాసిన చెయ్యి కదా. తీరా నడవడం మొదలెట్టి "కార్బన్ ధర పెంచాలె! పెంచాలె!" అని గొంతెత్తి అరిచేసరికి కూరగాయల సంచితో పోతున్న ఒక తాత మా ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"నా నెత్తి నెరిసింది బిడ్డా. ధరలు తగ్గియ్యుమని ధర్నా జేసెటోళ్లను సూసిన గని, పెంచుమని జేసెటోళ్లను ఇయ్యాలనే సూస్తున్న. మీకేమన్న పుట్టిందా?"

"కూరగాయల ధర గాదు తాతా, పొగ ధర," అని నా స్నేహితురాలు మొదలుపెట్టింది.

"పొగ గూడ అమ్ముతున్నరా ఇప్పుడు?" అని తాత సంచి కింద పెట్టేశాడు. ఇక కదలడని అర్థమైంది. ఈలోగా మజ్జిగ బండి ఆయన మా వెనకాల చేరి, "పెంచాలె! పెంచాలె! నా మజ్జిగ గూడ రెండు రూపాలు పెంచాలె!" అని మాకంటే గట్టిగా నినాదం ఎత్తుకున్నాడు. మేం ఏడుగురం, మజ్జిగాయన, తాత, ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండా నవ్వుతూ వెంట వచ్చిన ఇద్దరు ఇంటర్ పిల్లలు. పదకొండు మందితో ఊరేగింపు ముగిసింది.

ఆ తర్వాత బస్టాండు మెట్ల మీద కూర్చుని అందరం ఇంకా పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, ఆ పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది.

"దేశం ధర సంగతి మెల్లగ సూద్దాం," అంది. "నాకైతె గీ ఎండకాలం లోపల ఒక్క కప్పు గావాలె."

వాళ్లమ్మ పనిచేసేది రేకుల షెడ్డు. పోయిన ఎండాకాలం మధ్యాహ్నం పూట కండెలు చుడుతూ చుడుతూ యంత్రం మీదనే పడిపోయింది. నుదుటికి కుట్లు పడ్డాయి. మళ్లీ అంత వేడిలో పనిచేస్తే ప్రాణానికే ముప్పు అని డాక్టరు చెప్పాడు. పని మానేస్తే ఈ పిల్ల చదువు ఆగుతుంది, అందుకని ఆమె మానదు. రేకుల మీద మందంగా తెల్ల సున్నం కొట్టిస్తే ఎండ పైనే ఆగి లోపల వేడి తగ్గుతుందని ఈ పిల్ల ఎక్కడో చదివింది. ఉగాది దాటితే రేకుల కింద మనిషి నిలవలేడు. ఉగాదికి ఇంకా ఇరవై రోజులుంది.

"ఏసీలల్ల కూసుండెటోళ్ల దగ్గర పొగ ధర వసూల్ జేసి మా అమ్మ నెత్తి మీది రేకులకు పెడ్దాం. గిదే మన కార్బన్ ధర. సర్కారు తెచ్చేదాంక మనం తెద్దాం. రేటు ఇన్‌ఛార్జి, ఏమంటవ్?"

నేనేమంటాను. మర్నాడే ఇద్దరం సిరిసిల్ల బస్సెక్కాం.

షెడ్డు ఉన్న సందులోకి తిరగకముందే మగ్గాల చప్పుడు ఎదురొచ్చింది. లోపల అరుచుకుంటేనే మాట. నా స్నేహితురాలి తల్లి సన్నగా, చురుగ్గా ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపకుండానే పలకరించింది. తల మీద తడిబట్ట, దాని కింద నుదుటి మీద కుట్ల గీత.

"రా బిడ్డా, కూసో. చాయ పెట్టుమంటవా? మా దగ్గర గ్యాస్ గూడ అక్కెర లేదు, గిన్నె రేకుల కింద పెడ్తె అదే మరుగుతది."

మగ్గాల యజమానిని అక్కడ ఆసామి అంటారు. ఆసామి వచ్చాడు. మేం వచ్చిన పని నేనే గట్టిగా, బాగా మాట్లాడుతున్నానన్న గర్వంతో వివరించాను. ఆయన తల వంచి వింటూ వింటూ చెయ్యెత్తి ఆపాడు.

"జర ఆగు. నీ గొంతు నేను యాడ్నో ఇన్న. మీది కోరుట్లనా?"

"అవును."

"బట్టల దుకాణమా?"

నాకు చెమట పట్టింది. అది ఎండ చెమట కాదు.

"గదే! మీటరుకు అర్ధ రూపాయి తగ్గియ్యకుంటె లంగా బట్టల తాన్లన్ని వాపస్ పంపుత అని పోయినేడు ఫోన్ల నా పానం తిన్నది నువ్వే గద! గంట సేపు! ఆఖరికి నేనే దండం బెట్టి తగ్గిచ్చిన!"

నా స్నేహితురాలు నావైపు చూసింది. నేను కండెల వైపు చూశాను. అప్పుడు వాళ్లమ్మ యంత్రం ఆపి మరీ నవ్వింది. మగ్గాల చప్పుడు మీదుగా వినిపించే నవ్వు.

"గట్లనా! అయితె నా రేకులకు సున్నం గొట్టిస్త అంటున్నది ఈమెనే, ఇన్నొద్దులు కొట్టియ్యకుంట జేసింది గూడ ఈమెనేనా! మంచి పిల్లను దొరకవట్టినవే బిడ్డా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నష్టం వచ్చినప్పుడు ఎదుటివాడికంటే ముందు నవ్వాలని మా బజార్లో ఒక నీతి. కానీ ఆ అర్ధ రూపాయి తగ్గించిన రోజు రాత్రి మా ఇంట్లో సేమియా పాయసం వండారన్న సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు.

ఆసామి చెడ్డవాడు కాదు. నిచ్చెన, నీళ్లు, రెండు రోజులు మనుషుల్ని ఇస్తానన్నాడు. డబ్బు మాత్రం లేదన్నాడు. ఎందుకు లేదో నేను అడగలేదు. సున్నం కొట్టే ఆయన వచ్చి నిచ్చెనెక్కి, రేకులు చూసి, పదహారు వేలు అన్నాడు.

నేను అదే ఊపిరిలో, "గంత రేటా?" అన్నాను. సిగ్గుపడిన నోరు అలవాటుపడిన నోటిని ఆపలేకపోయింది. పద్నాలుగు, పన్నెండు, పదకొండు. పదివేల దగ్గర ఆయన హాయిగా ఒప్పుకున్నాడు. నేను గెలిచిన మొహంతో తిరిగితే వాళ్లమ్మ కండె పక్కన పెట్టింది.

"రేటు తగ్గింది, మంచిదే. ఏం పల్సగైందో గది గూడ అడుగు."

సున్నం ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: "ఏం లేదక్కా. రెండు కోటింగుల కాడ ఒక్కటే. జిగురు జరంత తక్కువ, నీళ్లు జరంత ఎక్కువ. వాన పడేదాంక ఉంటది."

నేను చేతులు కట్టుకుని మళ్లీ పైకి ఎక్కడం మొదలెట్టాను. పదకొండు, పన్నెండు, పద్నాలుగు, పదహారు. బేరాన్ని వెనక్కి నడిపించడం నా జన్మలో అదే మొదలు. కొండ దిగడం కంటే ఎక్కడం కష్టమని అప్పుడు తెలిసింది. సున్నం ఆయన నన్ను అనుమానంగా చూశాడు, ఈ పిల్ల ఆరోగ్యం బాగుందా అన్నట్టు.

ఇక కోరుట్ల. మా బజార్లో ఏసీలున్న దుకాణాలు పద్నాలుగు, అన్నీ కలిపి ఏసీలు యాభై దాకా. బట్టలు, బంగారం, మొబైళ్లు, మిఠాయి, గాజులు. లోపల చల్లగా ఉంచి వేడిని వీధిలోకి ఊదే పెట్టెలు వరుసగా గోడలకు. ఒక్కో ఏసీకి ఇంత అని పొగ ధర అడగాలని నిర్ణయం. ఎప్పుడు అడగాలన్నది మాత్రం నా తెలివి. పొద్దున్నే బోణీ వేళ వెళ్దామన్నాను. మొదటి గిరాకీని దుకాణం వాళ్లు వట్టి చేతులతో పంపరు. మొదటి బేరం చెడితే ఆ రోజంతా చెడుతుందని నమ్మకం. ఎంత తక్కువకైనా ఇచ్చి, వచ్చిన నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేస్తారు. "బోణీకి ముందు ఎవ్వలు కాదనరు," అని మా ఏడుగురికీ బడిపంతులులా చెప్పాను.

దుకాణంలో పుట్టిన మనిషి చేయకూడని తప్పు అది. బోణీ మర్యాద డబ్బు తెచ్చేవాళ్లకి. పట్టుకుపోవడానికి వచ్చేవాళ్లకి కాదు.

మొబైల్ దుకాణమాయన నాకు కాక, అంటే బాబాయి వరస. అగరుబత్తి వెలిగిస్తూ నా మాట విని, బత్తి చేతిలోనే పట్టుకుని అదిరిపడ్డాడు.

"పొద్దుగాల పొద్దుగాల పైసలడుగుడేంది బిడ్డా! ఇంక బోణీ గాలే! నువ్వు గీ బజార్ల పుట్టినదానివేనా?"

"తప్పైంది కాక, ఏం చేయుమంటవ్?"

"ముందుగాల బోణీ జెయ్యుండ్రి. అటెన్క మాట్లాడుదాం."

ఒక ఫోన్ కవరు కొన్నాం. నోటు కళ్లకద్దుకున్నాడు. అప్పుడు నింపాదిగా, "ఇగో, ఎదురు దుకాణమాయనను అడుగు. ఆయన ఏసీకి ఎంత ఇస్తె నేను గంత ఇస్త. నేనొక్కన్నే కట్టి ఆయనను బాగుజేయాల్నా?" అన్నాడు.

ఎదురు దుకాణంలో గాజుల కాక. అక్కడా బోణీ కాలేదు. డజను గాజులు కొన్నాం. కొన్నాక, "మొబైలాయన ఏమన్నడు? ఆయన ఎంతిస్తె గంత," అన్నాడు. మిఠాయి దుకాణంలో పావుకిలో మైసూర్‌పాక్. అది మాత్రం అక్కడే తినేశాం. పదకొండు గంటలయ్యేసరికి మా చేతిలో రెండు ఫోన్ కవర్లు, గాజులు, ఒక స్టీలు గరిటె, మా ఏడుగురిలో ఎవరికీ పట్టని రెండేళ్ల పిల్ల ఫ్రాకు ఉన్నాయి. వసూలు మాత్రం శూన్యం.

నా స్నేహితురాలు ఆ ఫ్రాకు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూసి, మా దుకాణం మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు.

"మస్తు వసూల్ జేసినం పో! బజారంత తిరిగి కార్బన్ ధర మనమే కట్టినం!"

అందరం మెట్ల మీద ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. మా బాపు లోపల్నుంచి తొంగి చూసి, పిల్లలకు ఎండ కొట్టిందనుకుని నీళ్లు పంపాడు.

"పెద్ద దేశాలు గూడ గిదే జేస్తున్నయి తెలుసా," అంది తను కళ్లు తుడుచుకుంటూ. "మీటింగులల్ల కూసుంటరు. ఎదుటాయన కడ్తె నేను కడ్త అంటరు. లేసి పోతరు."

"అయితే దేశాలకు మా కాకలే ట్యూషన్ చెప్పుంటరు," అన్నాను. నవ్వింది, కానీ చిన్నగా. ఉగాదికి పన్నెండు రోజులే ఉంది. ముందురోజు మధ్యాహ్నం వాళ్లమ్మకి ఒకసారి కళ్లు తిరిగాయని అప్పుడే చెప్పింది.

ఆ సాయంత్రమే జగిత్యాల మామిడి మార్కెట్‌కి వెళ్లాను. మా అమ్మ తమ్ముడు అక్కడ దళారి. బోణీ కథ చెబితే మామ నోట్లో చాయ్ ముక్కులోంచి వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగి, భుజం మీది తువ్వాల తీసి నా ఒళ్లో పడేశాడు.

"నోటితోని అడుగుతె ఎవ్వడు ముందు పడడు పిల్లా. ముందు చెప్పినోడు మునిగిండు, గది బజారు లెక్క. దీని కింద అడుగు."

తువ్వాల కింద బేరం నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలుపుతారు. ముందే "వందల్ల" అనో "వేలల్ల" అనో పైకి చెప్పుకుంటారు; ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని. చుట్టూ వంద మంది నిలబడినా ఎవరెంత అన్నారో మూడో మనిషికి తెలియదు. నేను అడగాల్సింది ఒకటే మిగిలింది.

"ఆడపిల్ల తువ్వాల కింద చెయ్యి పెడ్తె ఏమన్న అంటరేమో మామా."

"చెయ్యిని ఎందుకు సూస్తరు, దాచేటందుకే గద తువ్వాల. కని ఒక్కటి యాదుంచుకో. నీ మొకం గోడ లెక్క ఉండాలె. గోడ నవ్వదు, గోడ ఏడ్వదు."

వర్తకులంతా నెలకొకసారి సాయంత్రం ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతారు. ఆ నెల వంతు మాది. చాయ్ గ్లాసులు ఖాళీ కాగానే తువ్వాల భుజాన వేసుకుని లేచాను. సిరిసిల్ల షెడ్డు గురించి, పడిపోయిన మనిషి గురించి, వాళ్లు అమ్మే లంగా బట్టకి దారం ఆమె చేతి మీదుగానే వస్తుందని నా స్నేహితురాలు చెప్పింది. ఏం చేయాలో నేను చెప్పాను.

"వందలల్ల. ఒక్క ఏసీకి, ఎండకాలమంతటికి. ఒక్కో వేలు ఒక్కో వంద. ఎవలెంతిచ్చిండ్రో నేను పానం పోయినా చెప్ప. మొత్తం ఒక్కటే చెప్త."

అరుగంతా గుసగుస. ముందు లేచింది మిఠాయి దుకాణం తాత. తువ్వాల దగ్గరకొచ్చి కాస్త తటపటాయించి, "ఊయలల నిన్ను ఊపిన చెయ్యే గద, పెడ్త తియ్యి," అని లోపలికి పెట్టాడు. నా మొహం గోడ. తర్వాత మొబైల్ కాక. ఆయన తాత మొహం పరీక్షగా చూశాడు. తాత నవ్వుతున్నాడు. ఎక్కువిచ్చిన నవ్వా, తక్కువిచ్చి తప్పించుకున్న నవ్వా? కాకకి తెలియలేదు. రెండు వేళ్లు పట్టుకున్నాడు, ఆలోచించాడు, మూడోది కూడా పట్టుకున్నాడు. బంగారం ఆయన పట్టుకున్న వేళ్లను లోపల మూడుసార్లు మార్చాడు. నాకు చక్కిలిగింతలు పుట్టి గోడ కూలినంత పనైంది. ఒకాయన మాత్రం పిడికిలి పెట్టాడు, అంటే ఏమీ లేదని. ఎవరో చెప్పను, తువ్వాలకి ఒక మర్యాద ఉంది. ఆయన చెయ్యి తీసి అందరికంటే గట్టిగా, "ఇయ్యాలె మరి! మన కోసం కష్టపడ్తలేరా!" అన్నాడు.

ఆఖరున మా బాపు. మా దుకాణానికి మూడు ఏసీలు.

బేరం నాకు నేర్పిన చెయ్యి అది. తువ్వాల కిందికి వచ్చి నా చూపుడు వేలు పట్టుకుంది. ఒకటి. నేను కదల్లేదు. వేలు సగానికి మడిచింది, అంటే యాభై. పైనుంచి కిందికి బేరం! సొంత బిడ్డతో! నేను ఆయన పిడికిలి బలవంతంగా విప్పి అయిదు వేళ్లూ పరిచాను. ఆయన రెండు మూశాడు. నేను ఒకటి తెరిచాను. తువ్వాల కింద రెండు పిల్లులు కొట్లాడుకుంటున్నట్టుంది. అరుగు మీద అందరూ మెడలు చాచారు.

అప్పుడు బాపు చెయ్యి లాక్కుని లేచి నడిచాడు. గిరాకీ వాళ్లు వేసే ఎత్తు అది. వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తారు, దుకాణమాయన వెనక్కి పిలుస్తాడని. పిలిచినవాడు ఓడినట్టు. అదీ ఆయన నేర్పిందే. నేను పిలవలేదు. ఆయన మెట్టు దిగాడు, ఆగాడు, వెనక్కి చూశాడు. బజారంతా ఒక్కటే నవ్వు.

"పిలువవా?" అన్నాడు.

"పిలువ," అన్నాను.

తిరిగొచ్చి కూర్చుని, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు: "పొద్దుగాల సిరిసిల్ల ఆసామి ఫోన్ జేసిండు. నువ్వు సున్నమాయనకు పదివేలకు ఒప్పిచ్చి, మల్ల నువ్వే పదహారుకు పెంచినవట. మనింటి పిల్లనా అని రెండుసార్లు అడిగిన."

నేను తలొంచుకున్నాను. తువ్వాల కింద ఆయన చెయ్యి వచ్చి, వేళ్లన్నీ కలిపి నా చేతిని మొత్తంగా పట్టుకుంది. అయిదు. పట్టుకుని వదల్లేదు.

"అర్ధ రూపాయి తగ్గిచ్చినప్పుడు శెభాష్ అన్నది నేనే గద బిడ్డా," అన్నాడు.

గోడ అప్పుడు నిజంగానే కూలింది. ముక్కు తుడుచుకోవడానికి తువ్వాల ఉండటం మంచిదైంది.

మొత్తం పదహారు వేలు దాటి రెండు వేళ్లు, అంటే రెండు వందలు, మిగిలాయి. ఆ మాట పైకి చెప్పగానే అరుగు మీద ప్రతి మనిషీ పక్కవాడి వైపు తిరిగి, వీడే గట్టిగా ఇచ్చుంటాడు అన్నట్టు చూశాడు. ఆ రోజు నుంచి మా బజార్లో ఒకరంటే ఒకరికి గౌరవం కాస్త పెరిగింది. అందులో కొంత తప్పుగా పెరిగినా నేను సరిచేయలేదు.

ఉగాదికి నాలుగు రోజులుందనగా సున్నం మొదలైంది. రేకులు విరగకుండా పైన చెక్కలు పరిచి వాటి మీద నడుస్తూ కొట్టారు. కింద సున్నం, జిగురు కలిపింది మేం ఏడుగురం. బూడిద రంగు రేకుల మీద తెలుపు పరుచుకుంటూ పోతుంటే మాకు పిచ్చి ఆనందం. చిన్నపిల్లల్లా ఒకరి చెంపలకొకరం పూసుకున్నాం. చర్మం మండుతుందని సున్నం ఆయన తిట్టాడు. మండింది. కడుక్కుని మళ్లీ నవ్వాం. కింద వాళ్లమ్మ మాత్రం ఒక్కసారి కూడా బయటికి రాలేదు; లోపల యంత్రం తిరుగుతూనే ఉంది.

రెండో కోటింగు ఆరిన మర్నాడు, మిట్ట మధ్యాహ్నం, అందరం షెడ్డు గుమ్మంలో పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం. ఆమె కండె చుట్టింది. ఇంకోటి తీసుకుంది. అదీ చుట్టింది. మా మొహాలు చూసి కూడా చూడనట్టు మూడోది తీసుకుంది. ఎదుటివాణ్ని ఎంతసేపు ఉడికించాలో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"అమ్మా, చెప్పవే!" అని అరిచింది నా స్నేహితురాలు.

"ఏం జెప్పాలె? మొన్నటిదాంక చెమటకు దారం చేతిల జారుతుండె. ఇయ్యాల జారుతలేదు," అంది ఆమె. తల మీద బట్ట తీసి చూసుకుంది. "పొద్దుగాల తడిపిన. ఇంక పచ్చిగనే ఉన్నది. రోజు గీ పాటికి అప్పడమయితుండె."

నా స్నేహితురాలు వెళ్లి వాళ్లమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. "పక్కకు పో, దారం తెగుతది!" అని తిడుతూనే ఆమె తోసేయలేదు. ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆ తర్వాత ఎండాకాలం ముగిసేదాకా ఆమె పడలేదు. కళ్లు కూడా మళ్లీ తిరగలేదు.

అంతలో మా వెనక మాటలు వినిపించాయి. పక్క షెడ్డులో కండెలు చుట్టే ఆడవాళ్లు అయిదారుగురు, చేతులకు దారప్పోగులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒకామె లోపలికి రెండడుగులు వేసి, మొహం పైకెత్తి, కప్పు కింద నిలబడి చూసింది. బయటికెళ్లి తన షెడ్డు గుమ్మంలో నిలబడింది. మళ్లీ వచ్చింది.

"పిల్లా," అంది నన్ను చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "మా రేకులెప్పుడు?"

నేను నోరు తెరిచేలోపు నా స్నేహితురాలి తల్లి అందుకుంది.

"మీ షెడ్డు బట్ట ఏ ఊరికి పోతదే?"

"జగిత్యాలకు."

ఆమె నావైపు తిరిగింది. చేతిలో కండె ఆగలేదు.

"జగిత్యాల బజార్ల ఏసీలు ఎన్నుంటయి బిడ్డా?"

నేను లెక్కపెట్టడం మొదలెట్టాను. నా స్నేహితురాలు అప్పటికే గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటోంది.